ఇంగువ పుట్టే కొండల్లో నీళ్ళ కరువు

చారు పోపులోనో, మామిడికాయ తొక్కులోనో మనం వేసే చిటికెడు ఇంగువ మన నేలలో పుట్టేది కాదు. అఫ్గానిస్తాన్, ఇరాన్, ఉజ్బెకిస్తాన్ కొండల్లో, వాన తక్కువగా, చలి ఎక్కువగా ఉండే చోట పెరిగే ఒక మొక్క వేరును కోస్తే కారే జిగురు అది. ఆ పచ్చి ఇంగువను హాథ్రస్ లాంటి ఊళ్ళకు తెచ్చి, పిండీ తుమ్మజిగురూ కలిపి, మన కిరాణా కొట్టుకొచ్చే డబ్బాల్లో నింపుతారు. మన దేశం ఏడాదికి తినే పచ్చి ఇంగువ సుమారు 1,200 టన్నులు. అందులో ఎక్కువ భాగం వచ్చేది అఫ్గానిస్తాన్ నుంచే. 2020 అక్టోబరులో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో మన శాస్త్రవేత్తలు మొదటిసారి ఇంగువ మొక్క నాటారు. అది జిగురు ఇవ్వడానికి ఐదేండ్లు పడుతుంది. అంటే తరతరాలుగా మన వంటింట్లో ఆ దేశపు వాసన ఉంది, మనం గుర్తుపట్టలేదు, అంతే.

మన పెద్దలకు ఆ దేశం వాళ్ళు ఇంకో రకంగా కూడా ఎరుక. బొంబాయి గిర్నీల గేటు ముందు పగారు రోజున చేతికర్ర పట్టుకుని నిలబడే వడ్డీ పఠాన్ల ముచ్చట్లు మీ ఇండ్లల్లో కూడా విని ఉంటారు. పెషావర్ దిక్కువాళ్ళు కొందరు, ఇంకా అవతలివాళ్ళు కొందరు, అందరినీ కలిపి 'కాబూలీలు' అనేవాళ్ళు. అంత దూరం నుంచి ఇంత దూరం ఎందుకు వచ్చారో మన తాతలు అడగలేదు. మన తాతలు పాలమూరు, నల్లగొండ, కరీంనగర్ ఊళ్ళు విడిచి ఇక్కడికి ఎందుకు వచ్చారో వాళ్ళూ అడిగి ఉండరు. నేల ఆదుకోకపోతే మనిషి కదులుతాడు.

పోయిన నెల ఎండల గురించి రాసిన ముచ్చట చదివి, వాచనాలయం కాడ ఒక అన్న నన్ను నిలబెట్టి అడిగిండు: "అఫ్గానోళ్ళది కొట్లాట గోస. 40 ఏండ్ల సంది తుపాకులు దించుతలేరు. దానికి ఎండలేం జేస్తయి, వానలేం జేస్తయి?" మంచి ప్రశ్న. ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను గనుక ఈ నెల పేజీ మొత్తం దానికే.

ముందు మనకు తెలిసిన కరువు నుంచి మొదలుపెడదాం. 'బహత్తర్ కరువు' అంటే షోలాపూర్‌లో 60 దాటిన ఎవరికైనా చాలు, వేరే వివరం అక్కర్లేదు. అమెరికా నుంచి వచ్చిన ఎర్ర మిలో జొన్నలు, పిల్లలకు పంచిన సుఖడీ, జిల్లా అంతటా సడక్‌ల మీద రాళ్ళు కొట్టే ఆడామగా. వరుసగా వానలు తప్పినా, 1973 ఎండాకాలంలో ఒక్క మహారాష్ట్రలోనే దాదాపు 50 లక్షలమందికి సర్కారు కూలి పని చూపెట్టింది. కట్టలు పోశారు, బావులు తవ్వారు, రోడ్లు వేశారు. ఆ కూలి కడుపు నిండా పెట్టిందని ఎవరూ అనరు. కానీ జనం కుప్పలుగా చావలేదు. ఆ అనుభవం నుంచే పని గ్యారంటీ చట్టం పుట్టింది.

సరిగ్గా అవే ఏండ్లలో, 1971-72లో, అఫ్గానిస్తాన్‌లో కూడా కరువే. నడిమధ్యన కొండల్లో ఉండే ఘోర్ అనే రాష్ట్రంలో గొర్రెలు మందలు మందలుగా చచ్చాయి, తర్వాత మనుషులు. బయటి దేశాలు పంపిన ధాన్యం కొండదారులెక్కి వాళ్ళ దాకా చేరలేదు. చేరిన చోట కూడా అధికారులు అమ్ముకున్నారు. వేలాదిమంది పోయారు. రాజు జాహిర్ షా మీద జనానికి ఉన్న నమ్మకం అక్కడే తెగింది. 1973 జూలై 17న రాజు ఇటలీలో ఉన్నప్పుడు ఆయన దాయాది దావూద్ ఖాన్ గద్దె గుంజుకున్నాడు. 1978లో దావూద్‌నూ చంపారు. 1979 డిసెంబరులో సోవియట్ సైన్యం దిగింది. ఆ తర్వాతది మనందరికీ వార్తల్లో తెలిసిందే. కరువు వల్లనే యుద్ధమొచ్చింది అని నేను అనను, అట్ల అంటే అది సగం నిజమే అవుతుంది. కానీ కరువు నాడు సర్కారు ఏం చేసింది, ఏం చేయలేదు అనేదాన్ని జనం మరిచిపోరు.

ఇప్పుడు ఆ దేశపు నీళ్ళ సంగతి. మనకు వాన అంటే మృగశిర, ఆరుద్ర. వాళ్ళకు నీళ్ళు వచ్చేది చలికాలంలో హిందూకుష్ కొండల మీద పడే మంచు నుంచి. వాళ్ళ నదుల్లో పారే నీళ్ళలో 80 శాతం దాకా ఆ మంచు కరిగిన నీళ్ళే. ఆ కొండలే వాళ్ళ ఉజనీ డ్యాము అనుకోండి. చలికాలంలో నిండుతుంది, ఎండలు ముదిరే కొద్దీ కొంచెం కొంచెంగా వదులుతుంది, గోధుమ గింజ పట్టే వేళకు పొలంలోకి నీళ్ళు వస్తాయి. ఎవరూ గేటు ఎత్తాల్సిన పని లేదు.

1950 నుంచి 2010 మధ్యన ఆ దేశంలో వేడి సగటున 1.8 డిగ్రీలు పెరిగింది. ప్రపంచం మొత్తం మీద పెరిగినదానికి ఇది దాదాపు రెట్టింపు. డిగ్రీన్నర, రెండు డిగ్రీలు అంటే మనకు ఫ్యాను ఒక నంబరు పెంచినంత పని అనిపిస్తుంది. మంచుకు మాత్రం అది చావు బతుకుల లెక్క. మంచుగా పడాల్సింది వానగా పడి అదే రోజు కిందికి పారిపోతుంది. పడ్డ మంచు కూడా ముందుగానే కరిగి వరదై వస్తుంది. పంటకు కావలసిన నెలల్లో వాగు ఎండి ఉంటుంది. ఒకే నీళ్ళు, వచ్చే వేళ తప్పేసరికి ముందు వరద, వెనుక కరువు. గిర్నీలో పనిచేసినవాళ్ళకు ఇది వేరే చెప్పాలా? నూలు వచ్చింది, మగ్గం ఆగి ఉంది. మగ్గం నడిచింది, నూలు లేదు. పని మాత్రం కాలేదు.

వాళ్ళ పొలాలు రెండు రకాలు. కాలువ నీళ్ళు పారేది 'ఆబీ'. ఆకాశం మీద ఆధారపడేది 'లల్మీ', మన మెట్ట లాంటిది. ఉత్తరాన, పడమటన బీదవాళ్ళ భూములు చాలావరకు లల్మీయే. వాన ఒక్కసారి మొహం చాటేస్తే గింజ ఇంటికి రాదు. 2018లో అట్లనే జరిగింది. బాద్‌గీస్, ఘోర్, హెరాత్ రాష్ట్రాల్లో రెండున్నర లక్షలకు పైగా జనం ఊళ్ళు విడిచారు. ఆ ఏడు యుద్ధం వల్ల ఇల్లు విడిచినవాళ్ళ కంటే కరువు వల్ల విడిచినవాళ్ళే ఎక్కువ. తుపాకులు పేలుతున్న ఆ దేశంలో!

ఎందుకు ఊళ్ళు విడిచారు, సాయం ఊరికే రాలేదా? ఇక్కడే అన్న అడిగినదానికి జవాబు మొదలవుతుంది. బాద్‌గీస్ పల్లెలు చాలావరకు తాలిబాన్ల చేతిలో ఉండె, పట్నాలు సర్కారు చేతిలో. ధాన్యం బండి పట్నం దాటి పోలేదు. కనుక ఆకలైనవాడే పట్నానికి రావాలి. వచ్చినోళ్ళు హెరాత్ చుట్టుపక్కల బీడు నేలల మీద బరకాలు కప్పుకున్నారు. ఆ ఏడు జూలై నుంచి అక్టోబరు దాకా, నాలుగు నెలల్లో, ఆ డేరాల్లోనూ చుట్టుపక్కలా 150కి పైగా పిల్లలను అప్పుకింద నిశ్చితార్థం చేసేసో, పెండ్లి చేసో, అమ్మేసో వదులుకున్నట్టు యూనిసెఫ్ లెక్క తీసింది. దాదాపు అందరూ ఆడపిల్లలే. కొందరు ఇంకా పాలు తాగే పసివాళ్ళు.

ఇది చదివి 'ఛీ, ఏం తల్లిదండ్రులు' అని మీకు అనిపిస్తే జర ఆగండి. ఆ దేశంలో పెండ్లికొడుకు వైపువాళ్ళే ఆడపిల్ల తండ్రికి పైసలు ఇస్తారు. మంచి ఏడులో పిల్లకు ఈడొచ్చినాక జరిగే పని అది. కరువు ఏడులో గోధుమలకు, లారీ కిరాయికి, మందులకు తెచ్చిన అప్పు తీర్చే దారి ఇంకేదీ లేకపోతే, ఆ పిల్ల వయసు తగ్గుతూ పోతుంది. బాకీ అనే మాట మనకు కొత్తది కాదు. సాంచాల కార్ఖానాలో అడ్వాన్సు తీసుకుని, అది తీరేదాకా ఆ సేటు గడప దాటలేకపోయినవాళ్ళు ఈ పత్రిక చదివే ఇండ్లల్లోనే ఉన్నారు. అక్కడా అంతే. 'సలామ్' అని ఒక పద్ధతి ఉంది: పంట రాకముందే సగం ధరకు దాన్ని వ్యాపారికి అమ్మి చేతికి పైసలు తీసుకుంటారు. వాన తప్పితే పంట ఉండదు, బాకీ ఉంటుంది.

యుద్ధం లేని చోట ఇన్ని తరాలు ఆ ఎండు దేశంలో మనుషులు ఎట్ల బతికారు మరి? దానికి వాళ్ళ దగ్గర మంచి ఏర్పాటే ఉండె. 'కారేజ్' అంటారు. కొండ అడుగున నీటి ఊట దొరికే చోట నుంచి ఊరి పొలాల దాకా, భూమి లోపల సన్నటి వాలుతో ఒక సొరంగం. పైనుంచి చూస్తే వరుసగా బావి గుంతలు కనిపిస్తాయి, అవి మట్టి తీయడానికి, గాలికి. మోటారు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, ఎండకు నీరు ఆవిరి కాదు. ఊట ఎంత ఇస్తే అంతే తీసుకుంటారు, అంతకంటే గుంజలేరు. దాని నీళ్ళను వంతుల ప్రకారం పంచడానికి ఊరు ఒక మనిషిని పెట్టుకుంటుంది. ఆయన్ను 'మీరాబ్' అంటారు. మన తెలంగాణ ఊళ్ళల్ల చెరువు నీళ్ళు పంచే నీరటి ఉండేటోడు గదా, సరిగ్గా ఆయనే. ఇద్దరికీ ఊరు గింజల్లోనే జీతం కొలిచేది.

యుద్ధం ఈ కారేజ్‌ల మీద పడ్డది. సోవియట్ సైన్యంతో కొట్లాడినవాళ్ళు ఆ సొరంగాల్లో దాక్కున్నారు. సైన్యం వాటిని పేల్చేసింది. వాటిని శుభ్రం చేసే పనివాళ్ళు పాకిస్తాన్, ఇరాన్‌లకు వలసపోయారు. ఏటా పూడిక తీయని కారేజ్ పదేండ్లలో మట్టి కొట్టుకుపోతుంది. చెట్లదీ అదే కథ. బాద్‌గీస్ కొండల మీద పిస్తా చెట్ల అడవులు ఉండేవి. జనం ఏరుకుని అమ్ముకునే పిస్తా, మన మిఠాయి కొట్టు పిస్తా. 2003లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ ఉపగ్రహం బొమ్మలు చూస్తే, 1977లో ఉన్న ఆ అడవి దాదాపు మొత్తం మాయమైంది. చలికి కట్టెలు లేక కొందరు నరికారు, పైసల కోసం ఆయుధాల దళపతులు నరికించారు, శత్రువు దాక్కోకుండా సైన్యాలు నరికాయి. చెట్టు పోయిన కొండ మీద వాన పడితే నేల పీల్చుకోదు, నీళ్ళన్నీ బురదతో కలిసి ఒక్కసారి ఊరి మీదికి దూకుతాయి.

2024 మే 10న బఘ్లాన్ రాష్ట్రంలో అట్లనే దూకాయి. ఒక్క సాయంత్రంలో 300 మందికి పైగా పోయారు. మట్టి ఇండ్లు, మేకలు, నాటిన పొలాలు అన్నీ బురద కింద. ఆ రాష్ట్రం ముఖ్యపట్నం పేరు పుల్-ఏ-ఖుమ్రీ. ఈ పత్రిక చదివేవాళ్ళకు ఆ పేరు ఇంకో కారణంతో చెప్పాలి: ఆ దేశపు మొదటి పెద్ద నూలు గిర్నీల్లో ఒకటి అక్కడిదే. కాబూల్‌కు ఉత్తరాన గుల్‌బహార్‌లో ఇంకో పెద్ద గిర్నీ ఉండె. యుద్ధాల్లో అది మూతపడ్డది. కుందూజ్‌లో పత్తి కంపెనీ పేరు 'స్పీన్ జర్'. పష్తోలో దాని అర్థం తెల్ల బంగారం. మనమూ పత్తిని అదే మాటతో పిలుస్తాం. గిర్నీ మూతపడితే ఏమవుతుందో మనకు తెలుసు. మన దగ్గర మూతపడ్డ గిర్నీ కూలి కనీసం బీడీలకో, సాంచాలకో, భివండీకో పోయాడు. అక్కడ మూతపడ్డ గిర్నీ కూలికి మిగిలింది పొలం కూలి. ఆ పొలానికి నీళ్ళు లేకపోతే, రోజుకూలి ఇచ్చి తుపాకి చేతిలో పెట్టేవాడు ప్రతి ఊళ్ళో ఉన్నాడు.

బాంబు పడి పోయిన ఊరికీ, వరద వచ్చి పోయిన ఊరికీ ఇంకో చుట్టరికం ఉంది. ఆ దేశపు నేలలో ఇంకా లెక్కలేనన్ని మందుపాతరలు పాతి ఉన్నాయి. వరద వచ్చినప్పుడు మట్టితో పాటు అవీ కదులుతాయి. నిరుడు భద్రం అనుకున్న పొలం ఈ ఏడు భద్రం కాదు. నాగలి పట్టేవాడు ఏ ధైర్యంతో దిగాలి?

2021 ఆగస్టు 15న తాలిబాన్లు కాబూల్‌లో దిగారు, పెద్ద యుద్ధం ఆగింది. 'ఇక శాంతి వచ్చింది గదా, కుదుట పడాలి గదా' అని అనుకోవచ్చు. ఆ ఏడు జూన్‌లోనే అప్పటి సర్కారు దేశమంతా కరువు ప్రకటించి ఉంది. దాని మీద ఇంకో దెబ్బ. అంతకు ముందు ఆ సర్కారు పెట్టే ఖర్చులో ముప్పావు వంతు బయటి దేశాల పైసలే. అవి రాత్రికి రాత్రి ఆగాయి. అమెరికాలో దాచిన ఆ దేశపు రిజర్వు బ్యాంకు సొమ్ము, సుమారు 700 కోట్ల డాలర్లు, అమెరికా పట్టి ఉంచింది. టీచర్లకు, దవాఖానా సిబ్బందికి నెలల తరబడి పగారు లేదు. బ్యాంకు ముందు లైన్లు, లోపల నోట్లు లేవు. ఆ చలికాలం 2 కోట్ల 28 లక్షలమందికి, అంటే దేశంలో సగానికి పైగా జనానికి, తిండి గండమని ఐక్యరాజ్యసమితి సంస్థలు లెక్క కట్టాయి. మన దేశం 50,000 టన్నుల గోధుమలు ఇస్తామంది. 2022 ఫిబ్రవరి నుంచి అట్టారీ సరిహద్దు మీదుగా, పాకిస్తాన్ నేల మీద నుంచి, అఫ్గాన్ లారీల్లో అవి పోయాయి. ఆ లారీలు దాటడానికి రెండు దేశాలు నెలల కొద్దీ మాట్లాడుకోవలసి వచ్చింది, అది వేరే గోస.

తాలిబాన్ల తప్పును కప్పిపెట్టడానికి ఇదంతా చెప్తలేను. ఆడపిల్లలను ఆరో తరగతి దాటనివ్వని సర్కారు అది. 2022 డిసెంబరులో యూనివర్సిటీలూ మూసేసింది, స్వచ్ఛంద సంస్థల్లో ఆడవాళ్ళు పనిచేయొద్దని హుకుం జారీ చేసింది. దీనికీ కరువుకూ సంబంధం లేదనుకుంటే పొరపాటు. ఆ సమాజంలో మొగవాడు లేని ఇంట్లోకి పరాయి మొగవాడు అడుగుపెట్టి 'మీ ఇంట్లో ఎంతమంది, ఏం తిన్నారు' అని అడగలేడు. 40 ఏండ్ల యుద్ధం తర్వాత ఆ దేశంలో విధవలు ఎంతమంది ఉంటారో ఊహించుకోండి. వరద వచ్చినా, వాన పోయినా ముందుగా పేరు రాసుకోవాల్సిన ఇండ్లు అవే. రాసుకునే ఆడమనిషినే ఇంట్లో కూర్చోబెడితే ఆ పేరు లిస్టులోకి ఎక్కదు. రోజుకు వెయ్యి బీడీలు చుట్టి ఇల్లు నడిపిన మన అక్కలకు ఇది మిగతావాళ్ళ కంటే బాగా అర్థమవుతుంది.

కాబూల్ పట్నం సంగతి కూడా చెప్పాలి. షోలాపూర్‌లో నాలుగైదు రోజులకోసారి నల్లా వస్తే మనం కార్పొరేషన్‌ను తిట్టుకుంటాం, తిట్టాల్సిందే. కాబూల్‌లో ఎక్కువ ఇండ్లకు నల్లాయే లేదు, బోర్లే దిక్కు. 2001లో పది లక్షలు కూడా లేని పట్నంలో ఇప్పుడు 60 లక్షలకు పైగా జనం. యుద్ధం తరిమినవాళ్ళు, కరువు తరిమినవాళ్ళు, ఇద్దరూ అక్కడికే చేరారు. కొండల మీద మంచు తగ్గితే భూమిలోకి ఇంకేది తగ్గుతుంది. పదేండ్లలో నీటిమట్టం 25 నుంచి 30 మీటర్లు దిగింది. పట్నం బోర్లలో దాదాపు సగం ఎండాయి. ఇట్లనే సాగితే 2030 నాటికి భూమిలో నీళ్ళు అయిపోవచ్చని మెర్సీ కోర్ అనే స్వచ్ఛంద సంస్థ 2025లో హెచ్చరించింది. కొన్ని ఇండ్లు రాబడిలో 30 శాతం దాకా నీళ్ళకే ఖర్చు పెడుతున్నాయట. బిందెలు, పసుపు డబ్బాలు పట్టుకుని లైన్లో నిలబడేది ఎక్కువగా పిల్లలే.

దీనికి ఒక మందు తయారై ఉండె, మన దేశం చేతి మీదుగానే. కాబూల్ పక్కన షాతూత్ అనే చోట డ్యాము కట్టి 20 లక్షలమందికి తాగునీరు ఇద్దామని 2021 ఫిబ్రవరిలో రెండు దేశాలు సంతకాలు చేశాయి. ఆరు నెలలకు సర్కారు కూలింది, డ్యాము కాగితం మీదనే ఆగింది. అంతకు ముందు హెరాత్ దిక్కున మనం కట్టిన సల్మా డ్యాము ఉంది. 1970లలో మొదలై యుద్ధంతో ఆగిన పనిని మన ఇంజినీర్లు పూర్తి చేసి 2016 జూన్‌లో అప్పగించారు. అది ఉన్న ఊరు చిష్త్. అజ్మీర్ ఖ్వాజా దర్గాకు పోయేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు, ఆయన 'చిష్తీ' అనే పేరు ఆ ఊరి నుంచి వచ్చిందే. ఆ డ్యాము కాడ కాపలా కాసిన అఫ్గాన్ పోలీసులు ఎంతోమంది దాడుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నారు. డ్యాముకు సిమెంటు, ఇనుము ఎంత కావాలో లెక్క కట్టొచ్చు. అక్కడ తుపాకి కాపలా కూడా ఆ లెక్కలో కలపాలి.

దక్షిణాన హెల్మండ్ దిక్కు ఇంకో వింత. డీజిలు మోటారు ఖర్చు భరించలేక రైతులు సోలార్ పలకలు కొన్నారు. 2019 నాటికి ఆ ఒక్క లోయలోనే 60 వేలకు పైగా సోలార్ పంపులు. ఎండ ఉన్నంతసేపు ఊరికే నీళ్ళు, ఎడారి పచ్చబడ్డది. పచ్చబడ్డది ఎక్కువగా నల్లమందు పంటతో. గోధుమ కంటే గసగసాల మొక్కకు నీళ్ళు తక్కువ చాలు, సరుకు కుళ్ళిపోదు, వ్యాపారి ఇంటికొచ్చి కొంటాడు, అప్పు కూడా దాని మీదే పుడుతుంది. కొన్నిచోట్ల నీటిమట్టం ఏడాదికి 3 మీటర్లు దిగసాగింది. ఖర్చు లేని నీళ్ళంటే ఎవరు ఆపుతారు? మన పాలమూరు, నల్లగొండ ఊళ్ళల్ల బోరు మీద బోరు వేసి అప్పులపాలైన చుట్టాలు ఎవరికి లేరు! 2022 ఏప్రిల్‌లో తాలిబాన్లు నల్లమందును నిషేధించారు, ఒక్క ఏడాదిలో పంట 95 శాతం పడిపోయింది. ప్రపంచానికి మంచిదే. కానీ ఆ రైతుల రాబడి వంద కోట్ల డాలర్లకు పైగా పోయింది, బదులు వేసిన పంటలు అంత రాబడి ఇవ్వలేదు, దిగిపోయిన నీళ్ళు కూడా పైకి రాలేదు.

ఈ వేడి పెంచింది ఎవరు అని అడిగితే, ఆ దేశం వాటా వెయ్యిలో ఒక వంతు కూడా లేదు. అమెరికాలో ఒక మనిషి ఏడాదికి వదిలే బొగ్గుపులుసు వాయువు 14 టన్నుల చిల్లర, మన దగ్గర 2 టన్నులు, అఫ్గాన్‌లో దాదాపు పావు టన్నో, ఇంకొంచెమో. మన గిర్నీల చిమ్నీలు నూరేండ్లు వదిలిన పొగ కూడా ఆ మొత్తంలో ఒక బొట్టు. ఇట్లాంటి దేశాలకు నష్టం కట్టివ్వడానికి 2022లో ఈజిప్టు సభలో ఒక నిధి పెట్టాలని ప్రపంచ దేశాలు ఒప్పుకున్నాయి. కాని తాలిబాన్లను అప్పటికి ఏ దేశమూ సర్కారుగా గుర్తించలేదు. కారేజ్‌లకూ చెరువులకూ వాతావరణం లెక్కలకూ అంతకు ముందు వస్తున్న పైసలు కూడా 2021లోనే ఆగాయి. 2024 నవంబరులో బాకూ సభకు తాలిబాన్ల మనుషులు మొదటిసారి పోయారు, అతిథులుగా. వెనుక కుర్చీల్లో కూర్చుని చూసి వచ్చారు.

ఇక్కడ నా మాట ఒకటి సూటిగా చెప్తా. గద్దె మీద ఉన్నవాడు నచ్చలేదని కొండ కింద ఉన్నోని నీళ్ళు ఆపడం న్యాయం కాదు. ఆ పైసలు వాళ్ళ చేతికి ఇవ్వక్కర్లేదు, ఊరి మీరాబ్ చేతికి ఇచ్చే దారులు ఉన్నాయి, ముందు వెతకాలి. వెతికే ఓపిక మాత్రం తగ్గుతోంది. 2025లో అమెరికా ఆ దేశానికి పంపే తిండి సాయాన్ని కూడా ఆపేసింది. అదే ఏడు ఇరాన్, పాకిస్తాన్ తరిమేసినవాళ్ళూ, భయపడి వచ్చినవాళ్ళూ కలిపి 20 లక్షలకు పైగా జనం తిరిగి వచ్చారు. కొందరు ఆ దేశంలో పుట్టనే లేదు. ఏ ఊరికి పోతారు? తండ్రి విడిచిన లల్మీ పొలానికి. ఆ ఏడు ఉత్తరాన వాన మళ్ళీ తప్పింది.

తాలిబాన్లు చేస్తున్న ఒక పెద్ద పని మాత్రం నీళ్ళదే. ఉత్తర సరిహద్దున పారే అమూ దర్యా నది నుంచి 2022 మార్చిలో 'కోష్ తేపా' అనే కాలువ తవ్వడం మొదలుపెట్టారు. పొడుగు 285 కిలోమీటర్లు. బయటి పైస తీసుకోకుండా, వేలాది కూలీలతో, వందల యంత్రాలతో తవ్వుతున్నారు. ఎండిన బాల్ఖ్, జోజ్‌జాన్, ఫార్యాబ్ పొలాలకు అది ప్రాణం. కానీ అడుగున సిమెంటు లేదు, ఇసుక నేల, పారిన నీళ్ళలో ఎంతో ఇంకిపోతుంది. ఇక నదికి అవతల ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్‌ల పత్తి పొలాలు చాలావరకు ఆ నీళ్ళ మీదనే బతుకుతున్నాయి. ఆ నదికి నీళ్ళిచ్చే కొండల మంచూ తగ్గుతోంది. పడమటన హెల్మండ్ నది నీళ్ళ మీద ఇరాన్‌తో 1973లో రాసుకున్న ఒప్పందం ఉండి కూడా 2023 మేలో సరిహద్దున కాల్పులు జరిగాయి. అమూ దర్యా కొత్త కాలువకు అట్లాంటి ఒప్పందం కూడా లేదు.

అదే అమూ దర్యా నీళ్ళను పత్తికి మళ్ళించి, ఒకప్పుడు ఒక సముద్రాన్నే ఎండబెట్టారు. ఆ ఆరల్ సముద్రం ముచ్చట, అక్కడి పత్తి ఏరిన చేతుల ముచ్చట వచ్చే నెల.